ఆటకు అంగడి దొరికింది

పోచంపల్లిలో మగ్గం మీద కూర్చునే మనిషికీ, ఆ చీర కట్టుకునే మనిషికీ మధ్య చాలాసార్లు ఒక షావుకారు ఉంటాడు. నూలు ఇచ్చేదీ, చీర తీసుకునేదీ, ధర కట్టేదీ ఆయనే. ఇరవై ఏండ్ల కిందటిదాకా కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్ల బతుకూ ఇట్లాగే ఉండేది. డిస్కులు చేయించి, డబ్బాల్లో పెట్టి, దుకాణాలకు చేర్చే పబ్లిషర్ సరేనంటేనే చాలామటుకు ఆట లోకం కంట పడేది. డిస్కులోకి ఎక్కిన తప్పు ఎక్కినట్టే ఉండేది.

2003లో మొదలైన స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం, 2005 నుంచి బయటివాళ్ల ఆటలనూ అమ్మడంతో ఆ కట్టు సడలింది. 2017 నుంచి అక్కడ ఒక ఆట పెట్టడానికి 100 డాలర్లు కడితే చాలు. అంటే తొమ్మిది వేల రూపాయలకు అటూ ఇటూ. ఆట 1,000 డాలర్లు తెస్తే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. గూగుల్ ప్లేలో జీవితానికి ఒక్కసారి 25 డాలర్లు. ఆటలు అమ్మే మరో వెబ్‌సైటు ఇచ్ డాట్ ఐఓలో ప్రవేశ రుసుమే లేదు, వేదికకు ఎంత వాటా ఇవ్వాలో తయారుచేసినవాళ్లే చెప్పొచ్చు. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో కూర్చుని ఆట అమ్మొచ్చు, ఆడినవాళ్లు చెప్పిన తప్పును మరునాడే దిద్ది పంపొచ్చు. ఒక్క మనిషి నాలుగేండ్లకు పైగా కూర్చుని చేసిన వ్యవసాయపు ఆట స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చి, 4 కోట్ల ప్రతులు దాటింది. సేద్యం గురించి చెప్పడానికి పాలమూరు పిల్లల దగ్గర అంతకన్నా తక్కువ సరుకేమీ లేదు.

నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు నడిచినా గర్భగుడిలో నీడ చెదరదు. ఆ నీడ గుట్టు విప్పడమే ఒక ఆట. గుడి బండల మీద గీసుకుని ఆడిన పులి-మేక ఉంది. నల్లమలలో తాడు పట్టుకుని కొండ అంచున తేనె తీసే చెంచుల నేర్పు ఉంది. వీటిని పట్నం వాళ్లో పరాయి దేశం వాళ్లో చేసేదాకా మనం ఎదురుచూడాలా?

అంగడి తెరుచుకున్నంత మాత్రాన కొనేవాళ్లు రారు. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18,000కు పైగా కొత్త ఆటలు వచ్చాయి. వాటి నడుమ మన ఆట కనబడాలంటే విడుదలకు నెలల ముందే డెమో, అంటే ఆడి చూసే నమూనా, పెట్టాలి; ఆటను తమ విష్‌లిస్టులో, అంటే కొనాలనుకునే ఆటల జాబితాలో, చేర్చుకునేవాళ్లను పోగుచేయాలి. స్టీమ్ అమ్మకంలో నూటికి 30 ఉంచుకుంటుంది. ఒక ఆట అమ్మకాలు కోటి డాలర్లు దాటాకే ఆ వాటా తగ్గిస్తుంది. ఉన్నవాడికి తగ్గించి లేనివాడి దగ్గర నిండా తీసుకునే ఈ పద్ధతి తలకిందులుగా ఉందనే మేము భావిస్తున్నాం. అమెరికాలో జరిగిన అమ్మకం మీద అక్కడి పన్ను 30 శాతం దాకా కోస్తారు. అమెరికా బయటివాళ్లు అక్కడి పన్ను కోసం ఇచ్చే డబ్ల్యూ-8 బెన్ ఫారాన్ని పాన్ నంబరుతో సరిగా నింపితే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది 15కు తగ్గుతుంది. ఈ చిన్న సంగతి చెప్పేవాళ్లు లేక కష్టం కరిగిపోకూడదు.

ఇంకో చిక్కు మన ఇండ్లలోనే ఉంది. గేమింగ్ అనగానే తల్లిదండ్రులకు రమ్మీ యాప్, అప్పు, తాకట్టు పెట్టిన పుస్తెలతాడు గుర్తొస్తాయి. ఆ భయం ఊరికే రాలేదు. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం కూడా పందెం ఆటలను వేరు చేసి మూసేసింది, మిగతా ఆటలను ప్రోత్సహిస్తామంది. బొమ్మ గీసి, కథ అల్లి, కోడ్ రాసి ఆట చేసే పిల్లను జూదరిగా చూడటం అన్యాయం. ఈ తేడాను కలెక్టర్లు, కాలేజీలు ఊరూరా చెప్పాలి.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. వాటిలో ఒక్కో గది ఆటల తయారీకి కేటాయించాలి, మంచి కంప్యూటర్లు పెట్టాలి, పన్ను కాగితాలు తెలిసిన మనిషిని వారానికో రోజు కూర్చోబెట్టాలి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో పట్నంలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకు మార్కులు వేసే బదులు, జట్టుగా చేసి నిజంగా విడుదల చేసిన ఆటను ప్రాజెక్టుగా ఒప్పుకోవాలి. స్టీమ్‌లో పెట్టే మొదటి ఆట ఫీజును ప్రభుత్వమే కట్టాలి. ఏడాదికి పది జట్లకు కట్టినా లక్ష రూపాయలు దాటవు.