చక్రం వాళ్లది, చక్కర్లు మావి

హైదరాబాద్ నుంచి ముంబయికి గంటన్నర ప్రయాణం. తీరా చేరేసరికి, మాకంటే ముందు దిగిన విమానం ముక్కు కింది చక్రం బిగుసుకుపోయి రన్‌వే మీదే నిలిచిపోయిందట! అక్కడ రన్‌వేలు రెండన్న మాటే గానీ, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. రెండూ ఒకేసారి వాడలేరు. ఇంకేముంది, నలభై నిమిషాలు గాల్లో చక్కర్లు. కిటికీలోంచి అదే సముద్రాన్ని నాలుగుసార్లు చూశాను. చెడిన విమానాన్ని లాగాలి, రన్‌వే మీద ముక్కలేమైనా పడ్డాయేమో వెతకాలి, కాదనను. కానీ ప్రతిసారీ “కొద్ది నిమిషాలే” అని ఎందుకు చెప్పాలి? చివరికి ఇంధనం చాలదని అహ్మదాబాద్‌లో దించారు. గంటసేపు తలుపులే తీయలేదు. పక్క సీటు పెద్దాయన ఇడ్లీ పొట్లం విప్పి, “తీసుకో బాబూ, రాత్రి భోజనం కూడా ఇదేనేమో” అన్నారు.