అర్థం కాలేదన్నంత మాత్రాన సినిమా ఎత్తేయాలా?

చిన్న బడ్జెట్‌లో తీసిన సైకలాజికల్ థ్రిల్లర్ ఒకటి రిలీజైతే మన దగ్గర ఏం జరుగుద్దో అందరికీ తెలిసిందే. శుక్రవారం మార్నింగ్ షో వదిలేసరికి గేటు దగ్గర యూట్యూబ్ చానెళ్ల మైకులు రెడీగా ఉంటాయి, బయటికొచ్చినోళ్లలో ఒకాయన "కొత్తగా ట్రై చేశారు బ్రో" అంటాడు, ఇంకొకాయన "సెకండాఫ్ ఏంటో నాకైతే అర్థం కాలేదు" అంటాడు, మూడో ఆయన క్లైమాక్స్ మొత్తం చెప్పేసి చివర్లో "నేను స్పాయిలర్ ఇవ్వను, థియేటర్లోనే చూడండి" అంటాడు. సాయంత్రానికి ఇదంతా కలిపి ఒక్క ముక్క అవుద్ది, డివైడ్ టాక్. శనివారం ఫస్ట్ షో తీసేసి మ్యాట్నీ ఒక్కటి ఉంచుతారు, సోమవారానికి పోస్టరు కూడా ఉండదు. పదిరోజులకి ఎవరో ఓటీటీలో చూసి "ఇంత మంచి సినిమాని థియేటర్లో ఎందుకు ఆడించలేదు, మన ఆడియన్స్ మారరు" అని పోస్ట్ పెడతారు. తప్పు ఆడియన్స్‌దేనా అసలు? మాకైతే అలా అనిపించట్లేదు.

ఎందుకంటే ఈ జానర్ సినిమాకి జనం రియాక్షన్ హాల్లో పూర్తవదు. కామెడీకి అక్కడే నవ్వుతారు, మాస్ సినిమాకి అక్కడే ఈల వేస్తారు, అయిపోయింది. మనిషి బుర్రలోపల జరిగేదాన్ని కథగా చెప్పే సినిమా అలా కాదు, చూసొచ్చిన రాత్రి సగం, మర్నాడు ఆఫీసులో పక్కోడితో "అద్దం సీన్లో వాడి చెయ్యి గమనించావా" అని వాదించుకుంటే మిగతా సగం, కొంతమందికి రెండోసారి చూస్తేగానీ లెక్క తేలదు. మన ట్రేడ్ మాత్రం ఆ మొదటి సగాన్ని పట్టుకునే తీర్పు రాసేస్తుంది. "అర్థం కాలేదు" అన్నోడు "బాలేదు" అనలేదు కదా, ఒక్కోసారి వాడే మళ్లీ టికెట్ కొనే మనిషి, కానీ వాడు మళ్లీ వచ్చేలోపు సినిమా ఉండట్లేదు.

పక్క రాష్ట్రంలో జరిగిన ఒక సంగతి చెప్పుకుందాం. బెంగళూరులో పవన్ కుమార్ అనే డైరెక్టరు అప్పటికి ఒక సినిమా తీసున్నాడు, రెండో కథకి ప్రొడ్యూసర్లు దొరక్క విసిగిపోయి తన బ్లాగులో నేరుగా జనాన్నే డబ్బులడిగాడు. 27 రోజుల్లో 110 మంది కలిసి రూ.50 లక్షల పైన ఇచ్చారు. అలా వచ్చిందే 2013 నాటి కన్నడ సినిమా 'లూసియా'. జనం డబ్బుతో సినిమా అనేది కొత్తేమీ కాదు, 1976లోనే గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా రెండు రూపాయలు వేసి శ్యామ్ బెనెగల్ చేత 'మంథన్' తీయించారు, కానీ అది వాళ్ల సొంత కథ, వాళ్ల పాల సంఘాల కథ. ఇక్కడ డబ్బులిచ్చినోళ్లకి ఉన్నది ఒకటే ఆశ, ఎక్కడా చూడనిది ఒకటి చూస్తాం అని.

కథేంటంటే, ఒక పాత థియేటర్లో టార్చిలైటు వేసి సీట్లు చూపించే కుర్రాడికి నిద్ర పట్టదు, నిద్ర కోసం ఒక మాత్ర వేసుకుంటాడు, ఆ మాత్రతో వచ్చే కలలో తను పెద్ద సినిమా స్టారు. మామూలుగా అయితే కల రంగుల్లోనూ బతుకు నలుపు తెలుపుల్లోనూ చూపిస్తారు, ఇందులో తిరగేశారు, టార్చిలైటు కుర్రాడి జీవితం కలర్లో ఉంటుంది, స్టారు జీవితం బ్లాక్ అండ్ వైట్‌లో. ఎందుకలా అనేది ఇక్కడ రాయం, చూడనివాళ్లు ఇంకా ఉంటారు. థియేటర్ ఓనరుగా వేసిన అచ్యుత్ కుమార్‌ని మనోళ్లు తర్వాత 'కాంతార'లో దొరగా చూశారు. 2013 జులైలో లండన్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్లో వేస్తే అక్కడ ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే అవార్డు దీనికే వచ్చింది. సెప్టెంబర్ 6న కర్ణాటకలో రిలీజ్ చేశారు. ఏది కల, ఏది నిజం అన్న వాదన సినిమాకి ఫ్రీ పబ్లిసిటీ అయింది, ఇంటికెళ్లి సీన్ బై సీన్ విప్పి రాసుకున్నోళ్లు రాసుకున్నారు, అర్థం కాలేదన్నోళ్లకి అర్థమైనోళ్లు చెప్పారు. 2015లో సిద్ధార్థ్ హీరోగా తమిళంలోకి వెళ్లింది. ఆ డైరెక్టరే 2018లో సమంతతో 'యూ టర్న్' తెలుగులో తీశాడు కాబట్టి పేరు మనకి మరీ కొత్త కాదు.

ఇందులో మేం గమనించాల్సింది అనుకునేది స్టోరీ కాదు, వరస. డబ్బు పెట్టినోళ్లు ముందు, ఫెస్టివల్ ప్రేక్షకులు తర్వాత, థియేటర్ జనం ఆ తర్వాత. శుక్రవారం మార్నింగ్ షోకి వచ్చినోడి మీద మొత్తం బరువు పడలేదు. అప్పటికే సినిమా గురించి పట్టించుకునే మనుషులు కొందరు ఉన్నారు, వాళ్లు నాలుగు రోజులు ఓపిగ్గా మాట్లాడారు.

ఇంకాస్త వెనక్కెళితే హిచ్‌కాక్ 1960లో 'సైకో' తీసినప్పుడు స్టూడియోకి ఆ కథ నచ్చలేదు, ఆయన సొంత కంపెనీ డబ్బుతో, తన టీవీ షోకి పనిచేసే యూనిట్‌నే ఎక్కువగా పెట్టుకుని దాదాపు 8 లక్షల డాలర్లలో లాగించేశాడు. అంటే హాలీవుడ్ మధ్యలో కూర్చుని తీసిన ఇండిపెండెంట్ సినిమా లాంటిదే అది. రిలీజప్పుడు ఆయన పెట్టిన రూలు, ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దు, ఎంత పెద్దోడైనా సరే. అప్పట్లో అమెరికాలో జనం మధ్యలో వచ్చి మధ్యలో పోయేవాళ్లు, ఆ అలవాటునే తిప్పేశాడు. క్రిటిక్స్‌కి ముందుగా ప్రివ్యూలు వెయ్యలేదు, వాళ్లూ జనంతో కలిసే చూశారు. మొదట్లో కొన్ని రివ్యూలు బాగా తిట్టాయి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక క్రిటిక్ బోస్లీ క్రౌథర్ మొదట పెద్దగా మెచ్చుకోలేదు, ఏడాది చివర్లో ఆయనే తన టాప్ టెన్‌లో పెట్టుకున్నాడు. అంత పేరున్న విమర్శకుడికే నెలలు పట్టింది, మన మార్నింగ్ షో కుర్రాడు గేటు దాటేలోపు తేల్చెయ్యాలంటే ఎలా.

క్రిస్టోఫర్ నోలన్ 'మెమెంటో'ది ఇంకో రకం. 2000లో వెనిస్ ఫెస్టివల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అయినా అమెరికాలో డిస్ట్రిబ్యూటర్లు ఒక్కరూ తీసుకోలేదు, బాగుంది కానీ జనానికి ఎక్కదు అనే లెక్క. చివరికి డబ్బు పెట్టిన న్యూమార్కెట్ వాళ్లే సొంతంగా రిలీజ్ చేసుకున్నారు, 2001 మార్చిలో మొదలెట్టింది 11 థియేటర్లతో. వారాలు గడిచేకొద్దీ థియేటర్లు పెరిగి 500 దాటాయి, 90 లక్షల డాలర్ల సినిమా ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్ల డాలర్లు తెచ్చింది. కొత్త విషయాలేవీ గుర్తుండని ఒక మనిషి కథ, అదీ వెనక నుంచి ముందుకు నడుస్తుంది, ఒక్కసారి చూసి మొత్తం పట్టుకున్నోళ్లు తక్కువ, ఆ పట్టుకోలేకపోవడమే మళ్లీ రప్పించింది. ఆ మతిమరుపు పాయింటు 'గజిని'గా 2005లో మన దగ్గరికి పాటలూ ఫైట్లూ లవ్ ట్రాకుతో వచ్చింది, తెలుగు డబ్బింగ్ కూడా దుమ్ము రేపింది, అది వేరే సంగతి. మనం చూసుకోవాల్సింది 11 నుంచి 500కి వెళ్లడం. మన దగ్గర చిన్న సినిమా ప్రయాణం అటు నుంచి ఇటు, శుక్రవారం ఎన్ని స్క్రీన్లుంటే అవే ఎక్కువ, ఆ తర్వాత అన్నీ కోతలే.

ఎందుకలా అంటే థియేటర్ ఓనరుని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. కరెంటు బిల్లు, స్టాఫు జీతాలు, ఏసీ ఇవన్నీ ఇరవై మంది కూర్చున్నా రెండొందల మంది కూర్చున్నా ఒకటే. సినిమా ఆడించినందుకు హాలుకి ఫిక్స్‌డ్ అద్దె ఇవ్వాలా (రెంట్), టికెట్ల డబ్బులో వాటా ఇవ్వాలా (పర్సంటేజ్) అనే గొడవ 2025లో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, వాటిని మూసేస్తామని హెచ్చరించేదాకా వెళ్లింది. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలు వసూలు చేసే ఫీజు భారం మీద 2018 మార్చిలో ప్రొడ్యూసర్లు దక్షిణాదిలో రిలీజులే ఆపేశారు. పెద్ద సినిమాకి ఆ ఫీజు చిల్లర ఖర్చు, అరవై డెబ్బై లక్షల్లో తీసినోడికి అది నడ్డి విరిగే ఖర్చు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 'కేరాఫ్ కంచరపాలెం' జనంలోకి వెళ్లిందంటే అమెరికాలో ఉండే తెలుగు డాక్టరు ప్రవీణ పరుచూరి డబ్బు పెట్టారు, రానా, సురేష్ ప్రొడక్షన్స్ వెనక నిలబడ్డారు. దానికి ముందు ఫిబ్రవరిలో మనసు లోపలి కథతోనే వచ్చిన 'అ!'కి నాని ప్రొడ్యూసరు. తెలిసిన పేరు ఒకటి పక్కన లేకపోతే మన హాళ్లలో మంచి టైము దొరకదన్నమాట. అలా దొరకని సినిమాల పేర్లు మనకి తెలియవు కూడా.

ఇంత చెప్పాక ఫిల్మ్ మేకర్లని కూడా ఒక మాట అనాలి, లేకపోతే అన్యాయం. సినిమా ఆడకపోతే "మా ఆలోచన వీళ్ల లెవెల్‌కి ఎక్కువ" అనే ఇంటర్వ్యూలు చూసి చూసి విసుగొచ్చింది. టికెట్ కొన్నోడు స్టూడెంటు కాదు, మీరు లెక్చరర్లూ కాదు. మంచి థ్రిల్లర్ కన్‌ఫ్యూజ్ చేస్తుంది, అయితే దారి పొడుగునా గుర్తులు కూడా వదులుతుంది, రెండోసారి చూసినోడికి అవి దొరుకుతాయి, అరే ఇది ముందే చెప్పాడురా అనిపిస్తుంది. గుర్తులు వదలకుండా చివరి పది నిమిషాల్లో "అదంతా హీరో భ్రమ" అని తేల్చేస్తే జనం లేచిపోతారు, లేచిపోవాలి కూడా. ఇంకోటి, ఏ హంతకుడైనా ఆఖరికి మానసిక రోగి అని చెప్పి తప్పించుకునే అలవాటు. మానసిక సమస్యలున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు, వాళ్ల మీదే దాడులు జరుగుతుంటాయి. ఇంట్లో అలాంటి మనిషి ఉన్న కుటుంబం హాల్లో మన పక్క సీట్లోనే ఉండొచ్చు, ఇంటర్వెల్లో వాళ్లు మాట్లాడకుండా వెళ్లిపోతే అది ఏ టాక్‌లోనూ లెక్కకి రాదు. 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టమే ఈ మనుషుల గౌరవం గురించి మాట్లాడింది, స్క్రిప్టు రాసేవాళ్లకి ఆ మాత్రం ఇంగితం ఉండకూడదా.

ఇంటర్వెల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఈ జానర్‌ని అదొకటి చంపుతోంది. గంట సేపు మెల్లగా బిగించుకుంటూ వచ్చిన టెన్షన్ సరిగ్గా పట్టు దొరికే చోట లైట్లు వేసి పాప్‌కార్న్ అమ్మితే, తిరిగొచ్చి కూర్చున్నోడు మళ్లీ మొదటి నుంచి మూడ్‌లోకి రావాలి. క్యాంటీన్ ఆదాయం మీదే చాలా హాళ్లు బతుకుతున్నాయని తెలుసు, అన్ని సినిమాలకీ ఇంటర్వెల్ తీసెయ్యమని మేం అనం. వంద నిమిషాల సినిమాకి మాత్రం మధ్యలో ఆపకుండా, కావాలంటే పాప్‌కార్న్ ఆట ముందే అమ్ముకోండి, అంతే. అలాగే భయపడాల్సిన చోట హాల్లో నవ్వులొస్తే డైరెక్టర్లు కంగారు పడతారు, దానికి కంగారు అక్కర్లేదు, భయం వేసినప్పుడు మనోళ్లు గుంపులో ఉంటే ముందు నవ్వుతారు. కంగారు పడాల్సింది ఫోన్ల గురించి, క్లైమాక్స్ తీసి స్టేటస్ పెట్టే మహానుభావుల గురించి.

రివ్యూలు ఆపితే అన్నీ సర్దుకుంటాయనే వాదన ఈ మధ్య బలంగా వినిపిస్తోంది. కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ, అంటే కేసులో కోర్టుకి సాయం చేసే లాయరు, 2024లో ఇచ్చిన రిపోర్టులో వ్లాగర్లు రిలీజైన 48 గంటల దాకా రివ్యూలు పెట్టకుండా ఉండాలని సూచించారు. డబ్బులడిగి, ఇవ్వకపోతే తిట్టే బ్యాచ్ మీద కేసులు పెట్టండి, దానికి చట్టాలున్నాయి. టికెట్ కొన్న మనిషి నోరు రెండు రోజులు కట్టేయడం మాత్రం మేం ఒప్పుకోం, పైగా దాని దెబ్బ ముందు తగిలేది చిన్న సినిమాకే, పెద్దోడికి హోర్డింగులున్నాయి, వీడికున్నది ఆ నోటి మాట ఒక్కటే.

జనం నోటికి టైమివ్వాలంటే సినిమాకి హాల్లో టైము కావాలి. ఆ దారి కొంతవరకు కాగితం మీద ఉంది కూడా. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ రేట్ల మీద ఇచ్చిన జీవోలో రోజుకి ఐదు ఆటలు వేసుకోనిస్తూ, అందులో ఒకటి రూ.20 కోట్ల లోపు చిన్న సినిమాకి ఇవ్వాలని, అది కూడా ఉదయం 11 నుంచి రాత్రి 9 మధ్యలోనే అని పెట్టారు. ఆలోచన మంచిదే. దానికి ఇంకో లైను చేరిస్తే చాలు, ఆ షో ఒకే సినిమాకి కనీసం రెండు వారాలు ఉండాలి, మొదటి సోమవారం కలెక్షన్ చూసి మార్చకూడదు, అది కూడా రెంట్ మీద కాకుండా పర్సంటేజ్ మీదే ఆడాలి. తెలంగాణ కూడా అలాంటిదే తెస్తే హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో ఉద్యోగాలు అయ్యాక వెళ్లేవాళ్లకి ఆరున్నర ఆట ఒకటి దొరుకుద్ది. రెండు ప్రభుత్వాలూ ఫిల్మ్ చాంబర్‌ని కూర్చోబెట్టి ముందు ఈ ఒక్క లైను తేల్చాలి.