మడి కట్టుకున్న ప్రసారం

ప్రజల చేయి తగిలితే మైలపడుతుందన్న భయంతో ఒక సాంకేతిక ప్రమాణాన్ని ఇన్నేళ్ళుగా మడిలో ఉంచి కాపాడుకొస్తున్న దేశం మనది. నేలమీది టవర్ నుంచి నేరుగా ఇంటి యాంటెన్నాకు అందే డిజిటల్ టెలివిజన్ గురించి చెబుతున్నాను. దూరదర్శన్ మొదట ఐరోపావారి డీవీబీ-టీ పద్ధతిని ఎంచుకుని 2003లో నాలుగు మహానగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. దాన్ని పట్టే పెట్టె జనం ఇళ్ళకు చేరకముందే అంతకంటే మేలైన డీవీబీ-టీ2 పుట్టింది గనుక, పాతదాన్ని పక్కనబెట్టి 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో కొత్తదాన్ని ప్రారంభించింది. ఆ జాబితాలో కటక్ ఉంది, రాయ్‌పూర్ ఉంది, హైదరాబాద్ లేదు. రాష్ట్ర రాజధానికే దక్కని భాగ్యం మా నల్లగొండకు ఎందుకు దక్కలేదని అడగడం మర్యాద కాదు.

ప్రమాణం మాత్రం గొప్పది, అందులో సందేహం లేదు. పాత అనలాగ్ రోజుల్లో రామంతాపూర్ వైపు తిప్పిన మా యాంటెన్నాకు సిగ్నల్ ఒకసారి సూటిగానూ, మరోసారి గుట్టకు కొట్టుకుని ఆలస్యంగానూ వచ్చేది. అందువల్ల వార్తలు చదివే ఒక్క అమ్మాయి పక్కనే ఆమె నీడ కూడా కూర్చుని అవే వార్తలు చదువుతుండేది. టీ2 పద్ధతి సమాచారాన్ని వేల సన్నని పాయలుగా చీల్చి, ఒక ముక్కకూ మరో ముక్కకూ నడుమ కాస్త వ్యవధి ఉంచుతుంది. గుట్టలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని ఆ వ్యవధిలోనే అణగిపోతుంది. పైగా డీవీబీ-టీతో పోలిస్తే అదే ఫ్రీక్వెన్సీలో కనీసం 30 శాతం ఎక్కువ సరుకు మోస్తుంది. ఒక్కటే చిక్కు: అనలాగ్ బొమ్మ చీమలు పారినట్టున్నా కనిపించేది, డిజిటల్‌కు మాత్రం ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి. శివరాత్రి జాగరణకు మా జిల్లాలో భక్తులకు కొదవ లేదు గనుక ఇదీ లోపమని అనలేం.

ఇంత మంచి ప్రమాణం లేని అమెరికావారి దుస్థితి చూడండి. వారు ఎంచుకున్న 8-వీఎస్‌బీ పద్ధతికి ప్రతిధ్వనులతో పడదని, ఇంట్లో పెట్టుకునే చిన్న యాంటెన్నాలకు సరిగా అందదని 1999లో అక్కడి ప్రసారకర్తల్లోనే కొందరు మొత్తుకున్నారు. ప్రభుత్వ కమిషన్ వినలేదు. వినకపోగా, 2007 నుంచి అమ్మే ప్రతి టీవీలోనూ డిజిటల్ సిగ్నల్‌ను పట్టే ట్యూనర్ ఉండి తీరాలన్నది, పాత టీవీ ఉన్నవారికి మార్పిడి పెట్టె కొనుక్కోమని ఇంటికి రెండేసి చొప్పున 40 డాలర్ల కూపన్లు పంచింది, 2009 జూన్ 12న పెద్ద కేంద్రాల అనలాగ్‌ను ఆపేసింది. నాసిరకం ప్రమాణాన్ని ఇలా ఊరంతటికీ అంటగట్టారు.

బ్రిటన్ కథ ఇంకా హీనం. 1998లో చందా కట్టించుకుని నేలమీది డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టిన సంస్థ 2002లో కుప్పకూలింది. సిగ్నల్ ఆగి ఆగి రావడం కూడా దాని కష్టాల్లో ఒకటి. దాని చోట ఫ్రీవ్యూ పేరుతో వచ్చినవారు నకిరేకల్ షేర్ ఆటోలో ఇరికించినట్టు ఇరికించిన చానెళ్ళలో కొన్నింటిని దింపేసి, సమాచారాన్ని కిక్కిరిసి కుక్కే 64 క్వామ్ పద్ధతి నుంచి వదులుగా మోసే 16 క్వామ్‌కు దిగి, తక్కువ చానెళ్ళనే గట్టిగా అందేలా చేసి, నెలవారీ చందా ఎత్తేశారు. జనం ఎగబడ్డారు. ప్రమాణం హోదాను ఇలా రెండు మెట్లు దించి మరీ ప్రజలను చేర్చుకోవడం మనబోటి శిష్టులకు సాధ్యమయ్యే పని కాదు.

మన శిష్టాచారం ఎంతటిదో తెలుసుకుందామని మొన్న ప్రకాశం బజారులో ఒక టీవీ దుకాణానికి వెళ్ళాను. డీవీబీ-టీ2 ట్యూనర్ ఉందా అని అడిగితే దుకాణదారు డబ్బాను నాలుగు వైపులా తిప్పి చదివి, "టీ2 అంటే ఏంది సారూ, వైఫై అసోంటిదా? వైఫై ఉన్నది, రిమోట్ల మైకు గూడ ఉన్నది. గిదైతే లేదు. ఫ్రీ డిష్ డబ్బా తీస్కపోండ్రి, ఒక్కపారి పైసలు కడితే మళ్ల నెలనెలా కట్టే పనే లేదు" అన్నాడు. టీవీలో ఆ ట్యూనర్ తప్పనిసరి అని ఎవరూ శాసించలేదు గనుక, దుకాణదారును తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఆ ఫ్రీ డిష్ కూడా దూరదర్శన్‌దే. 2004 డిసెంబరులో 33 చానెళ్ళతో మొదలైంది. టవర్ అక్కర్లేదు, మా వీధి డాబాలన్నీ ఆగ్నేయం వైపు గిన్నెలు తిప్పుకుని కూర్చున్నాయి. యాదగిరిగుట్ట పేరు పెట్టుకున్న యాదగిరి చానెల్ సైతం మా ఇళ్ళలోకి ఆకాశం నుంచే దిగుతోంది. కుడి చేతి ప్రసారానికి గిరాకీ లేకుండా ఎడమ చేయి చూసుకుంది. నిజానికి ఇది పాలమూరుకు పాత అలవాటే: 1975లో సైట్ అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం కింద మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కోళ్ళ గూటి జాలీతో చేసిన పది అడుగుల డిష్‌లతో ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూశాయి. హైదరాబాద్ టవర్ ప్రసారాలు మొదలైంది 1977లో.

ఇతర దేశాలు చాలావరకు జనాన్ని డిజిటల్‌కు సిద్ధం చేశాక అనలాగ్‌ను ఆపాయి. మనవారు, ముఖ్యమైన చోట్ల ఓ 50 ట్రాన్స్‌మిటర్లు మినహా, 2022 మార్చికల్లా ఆపేయదలిచారు. మా వీధిలో ఒక్కరికైనా తెలిసినట్టు లేదు. ఇంత ప్రశాంతంగా సాగిన మార్పిడి మరో దేశంలో చూపించండి.

ఇప్పుడు సిమ్ లేకుండా సెల్‌ఫోన్‌కే నేరుగా టీవీ అందించే మూడో ప్రమాణం వస్తోంది, నగరాల్లో ప్రయోగాలు జరుపుతామని 2024 జనవరిలో ప్రకటించారు. దానికి ఆధారం ఏటీఎస్‌సీ 3.0, అంటే అమెరికావారు తమ 8-వీఎస్‌బీని వదిలి, ఒకప్పుడు కాదన్న వేల పాయల పద్ధతికే తిరిగొచ్చి తయారుచేసుకున్నది. అది పట్టే చిప్ ఫోన్లలో ఎవరు పెడతారన్న అల్పవిషయం తరువాత చూసుకోవచ్చు.

మా డాబా మీది యాంటెన్నా పైపుకు మా ఇంటావిడ బట్టల దండెం కట్టింది. పైపును పాత ఇనుముకు వేస్తానంటే నేనే వద్దన్నాను. నాలుగో ప్రమాణం ఎటు నుంచి వస్తుందో, ఆరేసిన బట్టలు కాస్త పక్కకు జరిపితే సరిపోతుంది.