ఫ్యాన్ రెగ్యులేటర్ గెలిచింది

మన ఎలక్ట్రానిక్స్‌లో ఒక మూల సూత్రం ఉంది. ఏ పుస్తకంలోనూ దొరకదు, గురుపరంపరగా నోటి మాట మీద వస్తుంది. బుల్లి సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్ ఎంత ఖరీదైనదైతే, దానికి నిలకడగా కరెంటు ఇవ్వాల్సిన రెగ్యులేటర్ అంత నాసిరకంది అయి ఉండాలి. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర బేరమాడటం అని పెద్దలు అన్నది దీన్నే. ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించిన ప్రాజెక్టును మొన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చూసే భాగ్యం కలిగింది. న్యాయనిర్ణేతగా పిలిచారు, శాలువా కప్పారు. ఆ శాలువా మీద ఒట్టు, ఇక్కడ రాసేదంతా కళ్లారా చూసిందే.

నలుగురు పిల్లలు, ఒక బల్ల, ఒక ఫ్లెక్సీ. అంగన్‌వాడీల్లో పసిపిల్లల్ని తూచే డిజిటల్ తక్కెడ, ఒక గ్రాము కచ్చితత్వం అని ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలు. పళ్లెం కింద పది కిలోల లోడ్ సెల్, అంటే బరువును వోల్టేజీగా మార్చేది. దాని వెనక పేరున్న కంపెనీ ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్, దాని వెనక ఆ వోల్టేజీని అంకెలుగా మార్చే 24 బిట్ల ఏడీసీ. యాంప్లిఫయర్ గుణగణాలను లీడర్ కుర్రాడు విష్ణు సహస్రనామంలా ఆపకుండా చదివాడు. ఆఫ్‌సెట్ ఎంత, డ్రిఫ్ట్ ఎంత, గెయిన్ రెసిస్టర్ ఒక శాతంది కాదు, 0.1 శాతంది ఏరి తెచ్చారట. నిజంగానే ముచ్చటేసింది.

"మరి పవర్ ఎక్కణ్నుంచి నాన్నా?"

"పవరా సార్? అది... మామూలు పవరే సార్."

బల్ల కిందికి వంగాను. ఏదో పాత సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన 12 వోల్టుల అడాప్టర్. దానికో నీలం రంగు బక్ మాడ్యూల్ (వోల్టేజీని తగ్గించే బోర్డు), 2596 చిప్పుది, 6 వోల్టులకు తిప్పి పెట్టారు. అక్కణ్నుంచి మూడు కాళ్ల మహానుభావుడు, 7805 అనే ఐదు వోల్టుల రెగ్యులేటర్. "ఆరు ఇస్తే ఐదు వాడుకుంటుంది, ఇంకోటి మిగులుతుంది సార్" అన్నాడు కుర్రాడు, తిరునాళ్ల ఖర్చు లెక్క చెప్పినట్టు. 7805 తన కూలి కింద సుమారు రెండు వోల్టులు తీసుకుంటుంది నాయనా. ఇన్‌పుట్ ఏడు కంటే తగ్గిందా, అది రెగ్యులేటర్ ఉద్యోగం మానేసి ఉత్త గొట్టమైపోతుంది, పైన ఏం పోస్తే కింద అదే కారుతుంది. మీటర్ పెట్టి చూశాం. 4.5 వోల్టులు.

"ఇంచుమించు ఐదే కదా సార్!"

ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు. వాళ్ల లోడ్ సెల్ వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చే రకం. 5 వోల్టులు పెడితే పూర్తి పది కిలోలకు వచ్చేది 10 మిల్లీవోల్టులు. అంటే గ్రాముకు ఒక్క మైక్రోవోల్టు, వోల్టులో పది లక్షల వంతు. ఆ బక్ మాడ్యూలేమో సెకనుకు లక్షా యాభై వేల సార్లు స్విచ్ వేసి ఆపుతూ పదుల మిల్లీవోల్టుల అలను పంపిస్తుంది. చెవిలో గుసగుస వినాల్సిన చోట నిమజ్జనం డీజే బండి తెచ్చి ఆపారన్నమాట.

రెండో కుర్రాడు చదువరి. "యాంప్లిఫయర్ చూసుకుంటుంది సార్, పీఎస్‌ఆర్‌ఆర్ 120 డీబీ" అన్నాడు. నిజమే, పీఎస్‌ఆర్‌ఆర్ అంటే సప్లైలోని చెత్తను ఆపే శక్తి, 120 డీబీ అంటే దాన్ని పది లక్షల వంతుకు తగ్గించడం. కానీ డేటాషీటు మొదటి పేజీ శుభలేఖ లాంటిది. కాపురం సంగతి లోపలి గ్రాఫుల్లో ఉంటుంది. ఆ 120 డీసీ దగ్గరి మాట, అంటే అల లేని నిలకడ కరెంటు దగ్గర. తర్వాత ఫ్రీక్వెన్సీ పదింతలైనప్పుడల్లా గీత 20 డీబీ చొప్పున అలిపిరి మెట్లు దిగినట్టు దిగుతుంది. 150 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి ఇంచుమించు కొండ కిందే ఉంటుంది. 7805 కూడా అంతే. అది పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల కాలపు మనిషి, రిపుల్ (సప్లైలో మిగిలే అల) లెక్క 120 హెర్ట్జ్ దగ్గర ఇచ్చుకుంది. స్విచింగ్ గోల దానికి తెలియని భాష.

"సగటు తీస్తే పోతుంది కదా సార్?"

పోదు. ఆ పై ఫ్రీక్వెన్సీ అల యాంప్లిఫయర్ లోపల రెక్టిఫై అయ్యి, అంటే ఒకే దిక్కుకు తిరిగి, డీసీ ఆఫ్‌సెట్‌గా, అంటే కదలని తప్పుగా మారి కూర్చుంటుంది. దాన్ని సగటు తీస్తే వచ్చేది సగటు అబద్ధం. (న్యాయంగా ఒక మాట: లోడ్ సెల్‌లోని బ్రిడ్జికీ, ఏడీసీ పోల్చి చూసుకునే రిఫరెన్సుకీ ఒకే సప్లై ఇచ్చారు. అందువల్ల నెమ్మదిగా జరిగే మార్పులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. ఎందుకిచ్చారంటే వైర్లు సరిపోలేదట.)

ఇంతలో హాల్లో ఉక్క. పళ్లెంలో లీటరు నీళ్ల సీసా ఉంది, డిస్‌ప్లే మీద 1,022. అటెండర్ వచ్చి ఫ్యాన్ వేసి, గోడ మీది రెగ్యులేటర్‌ను సగానికి తిప్పాడు. 1,061.

"గాలి సార్" అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

ఫుల్లు పెట్టమన్నాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది, ఫ్లెక్సీ ఎగిరింది, నా శాలువా జారింది. 1,024. గాలి పెరిగితే బరువు తగ్గింది! మళ్లీ సగానికి: 1,060. ఆ రెగ్యులేటర్ పాతకాలపు ట్రయాక్ రకం, గుండ్రంగా తిప్పేది. సగంలో ఉన్నప్పుడు అది కరెంటు అలను సెకనుకు వందసార్లు మధ్యలో నరుకుతుంది. ఆ నరుకుడంతా లైను వెంట, అడాప్టర్ మీదుగా, బక్ మీదుగా, మన మూడు కాళ్లాయన పక్క నుంచి యాంప్లిఫయర్ ఒళ్లోకి. ఫుల్లులో నరకడానికి ఏమీ ఉండదు కాబట్టి ప్రశాంతత. అటెండర్‌కు మాత్రం మహా హుషారొచ్చింది. "ఇంకొంచెం తిప్పమంటారా సార్? ఇదిగో ముప్పావు!" ఆ పది నిమిషాలూ టీములో అయిదో సభ్యుడాయనే, ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ చూడాలని తెలిసిన ఏకైక సభ్యుడు కూడా. పోటీలో ఉన్న రెండు రెగ్యులేటర్లలో గోడ మీదిది గెలిచింది.

మరి ఏది పెట్టాలంటారా? చెత్త ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో అక్కడ ఆపగలిగేది. బక్‌ను ఏడున్నరకు పెట్టి, తర్వాత ఒక చిన్న ఫిల్టరు, ఆపైన తక్కువ నాయిస్ (సొంత గోల) ఉన్న ఎల్‌డీఓ, అంటే తక్కువ వోల్టేజీ తేడాతోనే పనిచేసే రెగ్యులేటర్. ఎల్‌టీ 3042 లాంటిది ఒక మెగాహెర్ట్జ్ దగ్గర కూడా 79 డీబీ ఆపుతుంది. దాని సొంత నాయిస్ 0.8 మైక్రోవోల్టు, 7805ది సుమారు 40. అంత డబ్బు లేదా, పెన్సిల్ బ్యాటరీలు పెట్టండి, పాపం వాటికి స్విచింగ్ అంటే ఏమిటో తెలియదు. అలాగని నా మిత్రుడొకడు చేసినట్టు చేయకండి. ఆ 3042నే తెప్పించాడు, మూడు మిల్లీమీటర్ల చదరం. దాన్ని బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చి ప్రయోగాలు చేసే పలక) మీద పెట్టి, అవుట్‌పుట్ కెపాసిటర్‌ను జానెడు జంపర్ వైర్ల చివర వేలాడదీశాడు. పట్టుచీర కట్టి నాట్లకు పంపినట్టు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. కానీ ఆ తక్కెడలో పడుకోబోయేది నీళ్ల సీసా కాదు. 2,500 గ్రాముల లోపు పుట్టిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. 2,470 ఉన్న పిల్ల ఆ ఫ్యాన్ కింద 2,509 అవుతుంది. రిజిస్టర్‌లో బాగున్నట్టే. పిల్లలకు తెలియలేదంటే నాకు కోపం లేదు, వాళ్ల వయసులో నేనూ 7805ను దేవుడనుకున్నాను. నా కోపం వేరే. ఆ లాబ్‌లో లక్ష రూపాయల ఆసిలోస్కోపు ఉంది. ఒక్క నిమిషం ప్రోబ్ పెడితే ఆ అల కళ్ల ముందు కనపడేది. నాలుగేళ్లలో వాళ్లు దాన్ని చూసింది ఒక్కసారి, కమిటీ వచ్చిన రోజున, దూరం నుంచి. మిగతా రోజులు బీరువాలో. తాళం హెచ్‌ఓడీ గారి దగ్గర. "పిల్లల చేతికిస్తే పాడు చేస్తారండీ" అన్నారాయన, నవ్వుతూ. పాడు చేయనివ్వండి! పాడు చేయడానికే కదా వాళ్ల నాన్నలు పొలాలమ్మి ఫీజులు కట్టింది! చూడనివ్వకుండా నాలుగేళ్లు కూర్చోబెట్టి, చివర్లో "ఒక గ్రాము కచ్చితత్వం" అని రాస్తే దాని కింద సంతకం పెట్టిన గైడు గారు ఒక్కసారైనా ఆ బల్ల కిందికి వంగి చూశారా?

అడిగాను. సమాధానం రాలేదు, ఫొటోగ్రాఫర్ వచ్చాడు. నీళ్ల సీసా తీసేశారు. ఖాళీ పళ్లెం, డిస్‌ప్లే మీద 38 గ్రాములు. "దగ్గరికి జరగండి సార్" అన్నారెవరో. లీడర్ కుర్రాడు చెయ్యి చాపి టేర్ బటన్ నొక్కాడు. సున్నా పడింది. ఫొటో తీశారు.