మహారాజశ్రీ షేర్ల సలహా పత్రిక గారికి

చందాదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమని తమ ఇన్‌వాయిస్ చూసి తెలుసుకున్నాను.

చందా కట్టగానే 'సంపద ప్రయాణానికి స్వాగతం' అని మెయిల్ పంపారట. 'అట' అని ఎందుకంటున్నానంటే అది స్పామ్‌లో పడింది. మీ మెయిళ్లు స్పామ్‌లో పడకుండా ఏం చెయ్యాలో వివరంగా రాశారు, ఆ మెయిల్‌లోనే.

కేవైసీ, పాన్, ఆధార్ ఓటీపీ, ఈ-సంతకం గురించి మిమ్మల్ని ఏమీ అనను. అవి షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనలు. నేనూ ఊరికే నమ్మలేదు, ఐఎన్‌హెచ్ అని మొదలయ్యే మీ రిజిస్ట్రేషన్ నంబరు సెబీ సైట్‌లో వెతికి చూసుకున్నాకే డబ్బు కట్టాను. మీ పేరు, మీ లోగో పెట్టుకుని టెలిగ్రామ్‌లో రోజూ 'జాక్‌పాట్ కాల్స్' ఇచ్చే మీ కవల సోదరులు చాలామందే ఉన్నారు మరి.

కానీ రిస్క్ ప్రొఫైల్ అని ఒక పరీక్ష పెట్టారు చూడండి, దాని గురించి మాట్లాడాలి. 'మీ పెట్టుబడి విలువ నెలలో 20 శాతం పడిపోతే ఏం చేస్తారు?' అని అడిగారు. ఆదివారం మధ్యాహ్నం, మార్కెట్‌కి సెలవు, కడుపునిండా తిని ఫ్యాను కింద కూర్చున్న మనిషి ఏం రాస్తాడండీ? 'ఇంకా కొంటాను' అనే రాస్తాడు. దాంతో నన్ను 'ఓ మోస్తరు దూకుడు గల ఇన్వెస్టర్' అని తేల్చి సర్టిఫికెట్ లాంటి పీడీఎఫ్ ఒకటి పంపారు. మా ఆవిడ అది చదివి 'ఎవరు, మీరా?' అంది. కూరగాయల బండి దగ్గర బేరం ఆడలేక వెనక్కి వచ్చిన రోజులన్నీ ఆమెకి గుర్తే. మీ దగ్గర ఆ డేటా లేదు.

అయినా హైదరాబాద్‌లో ఆ ప్రశ్న కొంచెం చూసి అడగాలి. 2009 జనవరి 7న ఈ ఊరి సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం బయటపడి, షేరు ఒక్క రోజులోనే దాదాపు 78 శాతం పడింది. 'ఇంకా కొంటాను' అనడానికి కూడా ఎవరికీ నోరు పెగల్లేదు. అంతకు కొద్ది నెలల ముందే, 2008 సెప్టెంబరులో, మంచి కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న కంపెనీ అది. మీ రిపోర్టుల్లో 'యాజమాన్యం నాణ్యత' అన్న గడిలో అయిదు నక్షత్రాలు కనిపిస్తే చాలు, నాకు ఆ బంగారు నెమలి గుర్తొస్తుంది.

ఇక ఫైళ్లు. స్వాగత కిట్ విప్పితే 'ముందు ఇది చదవండి' అని ఒకటి, 'ఇది చదివే ముందు' అని ఇంకొకటి. ఏ షేర్లు కొనాలో చెప్పే మోడల్ పోర్ట్‌ఫోలియో ఎక్సెల్‌లో, పక్కనే 'ఫైనల్', దాని పక్కన 'ఫైనల్ రివైజ్డ్'. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ నా పాన్, పెద్ద అక్షరాల్లో. ఎక్సెల్‌కి మాత్రం పుట్టినతేదీ. ఆ ముక్క రాసిన ఫైల్‌కీ పాస్‌వర్డ్ ఉంది. అన్నీ డౌన్‌లోడ్స్‌లో కరెంటు బిల్లుకీ, ఎవరిదో గృహప్రవేశం కార్డుకీ మధ్యన ఇరుక్కుని కూర్చున్నాయి. ఫోన్‌లో ఎక్సెల్ తెరిస్తే షేరు పేరు కనిపించినప్పుడు ధర కనిపించదు, ధర కనిపించినప్పుడు పేరు కనిపించదు.

పైగా ప్రతి పేజీ మీదా ఐమూలగా నా పేరు, నా ఫోన్ నంబరు. ఇంకొకరికి పంపకుండా వాటర్‌మార్క్ అన్నారు. సరిగ్గా 'ఈ ధర లోపు కొనండి' అన్న చోట నా నంబరు అంకెలు పడ్డాయి. అంత ఖరీదైన షేరు మనవల్ల ఎక్కడవుతుందని కాసేపు దిగులు పడ్డాను కూడా. ఇంత కట్టుదిట్టం చేసినా మా బావమరిది ఆగాడా?

'బావా, ఆ పీడీఎఫ్ ఓసారి వాట్సాప్ చెయ్యవా?'

'దానిమీద నా పేరుంటుందిరా.'

'పర్లేదు బావా, క్రాప్ చేసుకుంటాలే.'

వాడు క్రాప్ చేసిన ముక్కలో నా పేరుతో పాటు 'రిస్కులు' అన్న పేరా కూడా పోయింది. మీ రిపోర్టు ఊళ్లో అలాగే తిరుగుతోంది.

మీ మొదటి సలహా ఒక చిన్న కంపెనీ. మెయిల్ వచ్చేసరికి నేను మీటింగ్‌లో ఉన్నాను. పాన్ గుర్తుచేసుకుని, పెద్ద అక్షరాల్లో కొట్టి, ఫైల్ తెరిచేసరికి షేరు 5 శాతం అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ఎక్కగలిగే హద్దు, కొట్టి కూర్చుంది. కొనేవాళ్లే గాని అమ్మేవాడు లేడు. ఉండడు మరి, మీ చందాదారులంతా ఒకే ఉదయం ఒకే గుమ్మం ముందు నిలబడ్డాం. తర్వాతి సంచికలో మీరేం రాశారు? 'మన సలహా వెలువడిన ఒక్కరోజులోనే 5 శాతం లాభం!' మా డబ్బుతో మేము తోసిన ధర అది. మీ లెక్కలో మీ పరిశోధన ఫలితమైంది. అదే షేరు కిందికి దిగినప్పుడు మాత్రం 'మార్కెట్ సెంటిమెంట్' అన్నారు. ఆ సెంటిమెంట్ గారిని పైకి వెళ్లేటప్పుడు ఎందుకు పిలవరో తెలియదు.

కొంచెం లెక్కల్లోకి వద్దాం. మీ చందా 12,000. దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే 14,160. వ్యక్తులకి ఇచ్చే సలహాకి ఒక కుటుంబం నుంచి ఏడాదికి 1,51,000కి మించి తీసుకోవద్దని సెబీ పరిమితి పెట్టింది కాబట్టి మీరు దయగలవారే. కానీ నేను పెట్టుబడి కోసం పక్కన పెట్టింది లక్ష. ఆ లక్ష 1,14,160 అయితే గాని నేను బయలుదేరిన చోటికి తిరిగి రాను. అదీ ఏడాది తిరక్కుండా అమ్మమన్నారంటే లాభం మీద 20 శాతం పన్ను. మీ పట్టికలో ఆ పన్నూ లేదు, నేను మీకు కట్టిన చందా కూడా లేదు.

చివరి పేజీ మాత్రం చాలా బాగా రాశారు. చీమ తలకాయంత అక్షరాలు. సెబీ రిజిస్ట్రేషన్ గాని, మీలాంటివాళ్లు పాసయ్యే ఎన్‌ఐఎస్ఎం పరీక్ష సర్టిఫికెట్ గాని పనితీరుకి హామీ కావనీ, లాభాలకి భరోసా లేదనీ ఉంది. ముందు పేజీలన్నిటా 'మా గట్టి నమ్మకం' అన్న మాట ఎంత లావుగా ఉందో, ఇది అంత సన్నగా ఉంది. చందా కట్టే పేజీలో దీన్ని లావుగా వేసి ఉంటే ఎంత బాగుండేదో!

మీ వంశవృక్షం గురించి ఒక మాట. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కౌల్స్ అనే ఆయన 1920లలో మీలాంటి పత్రికలకే చందాలు కట్టాడు. 1929లో మార్కెట్ కుప్పకూలింది. కౌల్స్ గారు తిట్టుకుని ఊరుకోలేదు, కూర్చుని లెక్కేశాడు. 1928 జనవరి నుంచి 1932 జూలై దాకా 16 సలహా సంస్థలు ఇచ్చిన సుమారు 7,500 సలహాలు తీసి చూస్తే, సగటు షేరు కంటే ఏడాదికి 1.43 శాతం తక్కువ వచ్చింది. 1933లో వ్యాసం అచ్చువేశాడు. షేర్ల జోస్యులు జోస్యం చెప్పగలరా అని ప్రశ్న వేసుకుని, అనుమానమే అని తేల్చాడు. అప్పట్లో పీడీఎఫ్‌లు లేవు కాబట్టి కాయితాలు అన్నీ ఆయనకి దొరికాయి.

నాకు దొరకనిది అదే. మీ 'విజయగాథలు' ఫైల్‌కి పాస్‌వర్డ్ లేదు, దారిన పోయేవాళ్లు కూడా తెరుచుకోవచ్చు. 'అండర్ రివ్యూ', అంటే 'మళ్లీ చూస్తున్నాం' అన్న గడిలోకి వెళ్లిన షేర్లు మాత్రం తర్వాత ఎక్కడా కనిపించవు. వాటికి వీడ్కోలు మెయిల్ కూడా రాదు, 'ఫైనల్ రివైజ్డ్'లో వరస ఒకటి తగ్గుతుంది, అంతే.

కాబట్టి మనవి ఏమిటంటే, ఆ మూసేసిన సలహాల పట్టిక ఒకటి పంపండి. ఏ తేదీన ఏ ధరకి కొనమన్నారు, ఎప్పుడు ఎంతకి వదిలేశారు, అదే కాలంలో డివిడెండ్లు కలిపిన నిఫ్టీ సూచీ ఎంత పెరిగింది, ఈ గళ్లు ఉంటే చాలు. బొమ్మలు, నక్షత్రాలు అక్కర్లేదు. ఎక్సెల్ అయితే మేలు, కూడికలు నేను చేసుకుంటాను. పాస్‌వర్డ్ మీ ఇష్టం.

ఇట్లు
తమ ఓ మోస్తరు దూకుడు గల చందాదారు