గ్రేట్ జింబాబ్వేను కట్టింది షేబా రాణి కాదు, మనవాళ్లూ కాదు

వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఆఫ్రికా దక్షిణాన ఉన్న జింబాబ్వేలో సున్నం వాడకుండా పేర్చిన గ్రేట్ జింబాబ్వే అనే మహా రాతికోట ఉంది. గుడిసెల్లో బతికే అక్కడి జనానికి అంతటి పనితనం లేదు. షేబా రాణి మనుషులో, బంగారం వెతుక్కుంటూ వెళ్లిన భారతీయులో దాన్ని కట్టి ఉంటారు. లోపలి శంకువు ఆకారపు బురుజు శివలింగమే. చరిత్రకారులు ఈ నిజాన్ని తొక్కిపెట్టారు. ఇందులో నిలబడే మాట ఒక్కటే, సున్నం వాడలేదన్నది. మిగతావి ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా షేబా రాణి, అంటే బైబిలు కథలో సొలొమోను రాజును చూడవచ్చిన రాణి. ఈ కథకు ఆధారం ఒక దూలం ముక్క. 1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ అన్వేషకుడు ఇప్పటి మస్వింగో పట్టణానికి దగ్గరలోని ఈ శిథిలాలను చూశాడు. ఒక ద్వారబంధం నుంచి తీసిన చెక్క తన పెన్సిలు చెక్కలాగే ఎర్రగా, సువాసనగా ఉందట. పెన్సిలుది దేవదారు కాబట్టి ఇదీ దేవదారే, దేవదారు లెబనాన్‌ది కాబట్టి తెచ్చినవాళ్లు ఆ తీరపు ప్రాచీన నావికులైన ఫినీషియన్లే, వాళ్లను పంపింది షేబా రాణే అని తేల్చేశాడు. ఆ చెక్క తాంబోటి అనే స్థానిక చెట్టుది. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలో పెరుగుతుంది. పైగా సొలొమోను, షేబా రాణి క్రీస్తుకు పూర్వం 10వ శతాబ్దం వాళ్లని చెబుతారు. ఈ గోడలు లేచింది క్రీ.శ. 11 నుంచి 15వ శతాబ్దాల మధ్య. రెండు వేల ఏళ్ల తేడాను పెన్సిలు వాసన పూడ్చలేదు.

ఇక పనితనం మాట. అక్కడి అతి పెద్ద కట్టడమైన మహా ప్రాకారం చుట్టుకొలత సుమారు 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. ఎక్కడా సున్నం లేదు, మట్టి అతుకూ లేదు. రాయి ఎక్కడి నుంచి వచ్చింది? చుట్టూ ఉన్న గ్రానైట్ కొండల నుంచే. ఎండకు వేడెక్కి, రాత్రి చల్లబడే బండలు పొరలు పొరలుగా ఊడిపోతాయి. పైన మంట పెట్టి నీళ్లు చల్లితే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. తెలుగు నేలపై రాయి కొట్టే వడ్డెరలకూ మంటతో బండను చిట్లించడం తెలుసు. అది చూపించి ‘మనమే నేర్పాం’ అని ఇంకో సందేశం పుట్టించకండి. గ్రానైట్ స్వభావం ఎక్కడైనా ఒకటే.

గోడలను జాగ్రత్తగా చూస్తే పని నేర్చుకున్న క్రమం కూడా కనిపిస్తుంది. తొలినాటి గోడల్లో వరసలు వంకరటింకరగా ఉంటాయి. తరవాతివి తీర్చిదిద్దినట్లుంటాయి, కొన్నింటిపైన రాళ్లనే ఏటవాలుగా పేర్చిన అలంకారమూ ఉంటుంది. సముద్రం దాటివచ్చిన ఆరితేరిన మేస్త్రీలైతే వచ్చీరాని పనితో మొదలుపెట్టేవారా? తూర్పు తీరంలోని కిల్వా రేవులో అదే కాలపు భవనాలున్నాయి. అవి పగడపు రాయితో, సున్నంతో, చదరపు మూలలతో కట్టినవి. గ్రేట్ జింబాబ్వేలో అన్నీ వంపులే. ఆ గోడలు కప్పు మోసేవీ కావు. వాటి నడుమ జనం నివసించింది మట్టితో కట్టిన గుండ్రటి ఇళ్లలో. సందేశం ఎగతాళి చేసే ఆ ‘గుడిసెలు’, ఆ కోట ఒకే ఊరు, ఒకే జనం. ఇలాంటి రాతికట్టడాలు జింబాబ్వేలోనూ పక్కనున్న మొజాంబిక్, బోట్స్వానా, దక్షిణాఫ్రికాల్లోనూ సుమారు 200 ఉన్నాయి.

భారతీయుల సంగతి. ఇక్కడ ఒక నిజమైన తీగ ఉంది, దాన్ని దాచనక్కరలేదు. తవ్వకాల్లో భారత తీరం నుంచి వెళ్లిన గాజు పూసలు, చైనా పింగాణీ, పర్షియా పాత్ర, కిల్వా సుల్తాను ముద్రించిన నాణెం దొరికాయి. ఇక్కడి బంగారం, దంతం తూర్పు తీరంలోని సోఫాలా రేవుకు చేరేవి, బదులుగా పూసలు, బట్టలు వచ్చేవి. సరుకు వచ్చినచోటికల్లా మేస్త్రీలు వచ్చారనుకుంటే, రోమన్ బంగారు నాణేలు దొరికిన నాగార్జునకొండ స్తూపాలను రోమన్లే కట్టారని ఒప్పుకోవాలి. మన వర్తకులు స్థిరపడిన చోట శాసనాలు వేయించారు. అయ్యావళి వర్తక శ్రేణివారు 1088లో సుమత్రా దీవిలో తమిళ శాసనం చెక్కించారు. గ్రేట్ జింబాబ్వేలో మన లిపిలో ఒక్క అక్షరం లేదు.

శివలింగం వాదన మీద ఎక్కువ సమయం వృథా చేయను. ఆ బురుజు సుమారు 10 మీటర్ల ఎత్తున లోపలంతా రాతితో నిండిన కట్టడం. దాన్ని అక్కడి స్థానికులైన షోనా రైతుల ధాన్యపు గాదెకు ప్రతీకగా, రాజుకు చెల్లే కప్పానికి గుర్తుగా కొందరు పరిశోధకులు భావించారు. పానవట్టం లేదు, గర్భగుడి లేదు. అక్కడ దొరికిన విగ్రహాలు బలపపు రాతి పక్షులు. వాటిలో ఒకటి ఇవాళ ఆ దేశపు జెండా మీద ఉంది.

చరిత్రకారులు నిజాన్ని తొక్కిపెట్టారా? తొక్కిపెట్టడం జరిగింది, కాకపోతే తలకిందులుగా. బ్రిటిష్ వలసవాది సెసిల్ రోడ్స్ కంపెనీ ఆ నేలను ఆక్రమించుకున్నప్పుడు ‘ఇది ఒకప్పుడు తెల్లవాళ్లదే, మేం తిరిగి వచ్చాం’ అనే కథ దానికి ఎంతో పనికొచ్చింది. 1902లో సంరక్షకుడిగా వేసిన రిచర్డ్ హాల్ అనే పాత్రికేయుడు, ఆఫ్రికన్ల చెత్తను తొలగిస్తున్నానంటూ అడుగుల లోతు మట్టిని తవ్వి పారబోయించాడు. ఆ చెత్తే చరిత్ర. కట్టినవాళ్లు తిన్న తిండి, వాడిన కుండలు అందులోనే ఉన్నాయి. అయినా 1905లో డేవిడ్ రాండల్-మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కాటన్-థాంప్సన్ మిగిలిన పొరలను తవ్వి, ఇది ఆఫ్రికన్ల పనేనని తేల్చారు. తెల్లవాళ్ల రొడీషియా (ఆ దేశపు అప్పటి పేరు) ప్రభుత్వానికి అది మింగుడు పడలేదు. అదే మాట చెప్పిన పురావస్తు అధికారి పీటర్ గార్లేక్ 1970లో దేశం విడవాల్సి వచ్చింది. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి ఆ కట్టడం పేరే పెట్టుకున్నారు. 1986లో అది యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అంటే మన సందేశం బయటపెడుతున్నానంటున్న ‘దాచిన నిజం’ నిజానికి వలస పాలకులు దశాబ్దాల పాటు ప్రచారం చేసిన కథే. ఫినీషియన్ల వేషం తీసి మన వేషం వేశారంతే.

ఇంకొక్కటి. బయటివాళ్లు కట్టి వెళ్లిపోతే ఆ పనితనం వాళ్లతోనే పోవాలి. పోలేదు. 15వ శతాబ్దంలో గ్రేట్ జింబాబ్వే ప్రాభవం తగ్గాక, బులవాయో దగ్గర ఖామీ రాజధాని లేచింది. అక్కడ గోడల మీద చదరంగం గళ్ల అలంకారం ఇంకా ముదిరింది. ఆ తరవాత నలెటాలే, దనాంగోంబే అనే రాతికట్టడాలు వచ్చాయి. దనాంగోంబేలో ఉన్న రోజ్వీ అనే స్థానిక రాజ్యపు పాలకులు 1690లలో పోర్చుగీసువాళ్లను ఆ పీఠభూమి నుంచి తరిమేశారు. ఆ శిథిలాల్లో పోర్చుగీసు ఫిరంగులు కూడా దొరికాయి.