మెదడు కసరత్తు యాప్ వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ మెదడు కసరత్తు యాప్ గారికి, విజయనగరం కోటకు కూతవేటు దూరంలో కాపురముంటున్న విశ్రాంత లెక్కల మాస్టారు చేసుకొను విన్నపములు.

నా వయస్సు 67. మొదటి రోజే తమరు నా మెదడు వయస్సు 74 అని తేల్చి బెదరగొట్టి, ఏడాది చందా చేతిలో పడిన తరువాత కరుణించి, 46 రోజులలో దానిని 52కు దించారు. ఈ లెక్కన వచ్చే సంక్రాంతికి నా మెదడు పలక పట్టుకొని బడికి బయలుదేరుతుందేమోనని మా ఇంటావిడకు దిగులు పట్టుకొంది.

రంగు పలకలు ఏ వరుసలో మెరిశాయో అదే వరుసలో నొక్కే తమరి ఆటలో నాకిప్పుడు తిరుగు లేదు. అయితే మొన్న ఆదివారం రైతుబజారులో జరిగినది తమరికి మనవి చేయక తప్పదు. అరకిలో వంకాయలు, ముప్పావు కిలో బెండకాయలు, రెండు కట్టల గోంగూర తూచి, కాగితం ముట్టకుండా మొత్తం చెప్పి, ఆ నోటితోనే పక్క బేరానికి చిల్లర లెక్క కూడా అప్పజెప్పిన కూరగాయలామె నా ఖాళీ చేతుల వైపు చూసి, "ఏటి మాస్టారూ, ఇయ్యేళ కూడా సంచీ మరిసిపోనారేటి?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే, జ్ఞాపకశక్తిలో నాకు బంగారు పతకం వచ్చిందని తమరు జేబులోంచి గంట కొట్టారు.

2010లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 11,430 మంది ఆరు వారాల పాటు ఇటువంటి కసరత్తులు చేశారు. చేసిన కసరత్తులలో ఆరితేరారు గాని, ఆ నేర్పు వాటికి దగ్గరి పనులకు సైతం పాకలేదు. పాత ప్రశ్నపత్రం బట్టీ పట్టినవాడు అదే పత్రం వస్తే నూటికి నూరు తెచ్చుకోవడం, ఒక్క అంకె మారిస్తే తెల్లముఖం వేయడం ఏళ్ల తరబడి చూసినవాడిని గనుక నాకిది వింతగా తోచలేదు.

నేను గెలిచినప్పుడల్లా తమరి తెర మీద ఒక మెదడు బొమ్మ సిరిమాను పండుగనాటి మూడు లాంతర్ల కూడలిలా వెలిగిపోతుంది. ఎంత వెలిగితే అంత తెలివి అని తమరికి ఎవరు చెప్పారు? 1992లో రిచర్డ్ హేయర్ బృందం కొందరి చేత వారాల తరబడి టెట్రిస్ అనే ముక్కలు పేర్చే కంప్యూటర్ ఆట ఆడించి, మెదడు ఎంత గ్లూకోజు ఖర్చు పెడుతోందో, అంటే ఎంత శ్రమపడుతోందో కొలిచింది. ఆట చేతికి వచ్చిన తరువాత మెదడు పైపొరలో ఆ ఖర్చు తగ్గింది. పెద్దవయసు సంగతి మరొక తీరు. పడుచువారు ఒక పక్క ముందరి మెదడుతో నెగ్గుకువచ్చే జ్ఞాపకపు పనికి, చక్కగా చేయగలిగిన వృద్ధులు రెండు పక్కలనూ పూన్చారని 2002లో రాబర్టో కబెజా బృందం చూపింది. వెలుగు తగ్గడం ఒకచోట నేర్పరితనమైతే, పెరగడం ఇంకొకచోట ఆసరా అన్నమాట. తమరి బొమ్మకు మాత్రం రెండూ దీపావళే.

తమరి కులాన్ని మొత్తంగా తీసిపారేయడం న్యాయం కాదు. అమెరికాలో 65 దాటిన 2,832 మందికి మెదడు కసరత్తులు నేర్పి చూసిన యాక్టివ్ అనే పరిశోధనలో తర్కం, వేగం నేర్చినవారికి ఆ పనులలో వచ్చిన లాభం పదేళ్ల తరువాత కూడా కనిపించింది. జ్ఞాపకశక్తి శిక్షణ లాభం మాత్రం అన్నాళ్లు నిలవలేదు. నేను చందా కట్టినది దానికే. తమరి బంధువర్గంలోని లూమాసిటీ వారు ముసలితనపు మతిమరుపు భయాన్ని సొమ్ము చేసుకొన్నారన్న అభియోగం మీద 2016లో 20 లక్షల డాలర్లకు రాజీపడ్డారని కూడా విన్నాను.

120 మంది వృద్ధులతో చేసిన మరొక పరిశోధనలో, ఏడాది పాటు వడిగా నడిచినవారి హిప్పోకాంపస్, అంటే జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన భాగం, రెండు శాతం పెరిగిందని 2011లో ప్రకటించారు. అందుచేత నిన్న సాయంత్రం తమరిని ఇంట్లో వదిలి పెద్దచెరువు గట్టు మీద నడిచి వచ్చాను. వచ్చేసరికి, 46 రోజుల వరుస తెగిందని తమరు ఏడుపు ముఖం బొమ్మతో కబురు పెట్టి ఉన్నారు.

చందా రద్దు చేసుకొందామని కూర్చుంటే, మొదటి రోజు పెట్టుకొన్న పాస్‌వర్డు కొట్టమంటున్నారు. దానిని కాగితం మీద రాయవద్దు, మనసులో ఉంచుకోండి అని చెప్పినది తమరే.